నీళ్లే కదా అనుకున్నాను

మా సారు పోయారని యాదమ్మ వచ్చి చెప్పింది. ఆఫీసు గేటు దగ్గర సెక్యూరిటీవాళ్లు లోపలికి రానివ్వకపోతే, నన్ను పిలిపించమని బతిమాలి, అరగంట ఎండలోనే నిలబడిందట. నేను కిందికి దిగేసరికి కొంగు నెత్తిన కప్పుకుని కంకర కుప్ప పక్కన ఉంది.

"సారు పోయిండు బిడ్డా. నాలుగొద్దుల కింద గుండెల నొస్తున్నదంటే దవాఖానల ఏసిన్రు. ఇయ్యాల పొద్దుగాల అయిపాయె. లింగంపల్లి ఇంటికి తెచ్చిన్రు. వస్తవా?"

ఆటోలో కూచుని కొత్తగూడ దాటాం. అప్పుడు యాదమ్మ నా వైపు తిరక్కుండానే అడిగింది. "సారుకు చెప్పినవా మరి?"

"లేదు" అన్నాను. ఆమె దేని గురించి అడిగిందో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

మీరు ఆయన పేరు విని ఉండరు. ఆయనకు సన్మానాలు జరగలేదు, శాలువాలు కప్పలేదు. పోయినవాళ్ల గురించి రాసేటప్పుడు మనవాళ్లు వారి గొప్పలు చెప్పి, ఆ వెలుగులో తామూ కాస్త నిలబడతారు. నాకు ఆ సౌకర్యం లేదు. ఆయన గొప్పతనం ఎంత చెబితే నా తప్పు అంత పెరుగుతుంది. అయినా చెప్పక తప్పదు.

ఇప్పుడు నేను పనిచేసే గుండ్రటి భవనానికి పిలుపు దూరంలో, నాలుగేళ్ల కిందట, మాదాపూర్‌లో ఒక కిరాయి ఇంట్లో మా ల్యాబు ఉండేది. ఊరవతల మందుల ముడిసరుకు తయారుచేసే ఫ్యాక్టరీ ఒకటుంది. దాని యజమాని, కొత్త పద్ధతులు కనిపెట్టమని మా సారును పెట్టుకున్నాడు. సారు ప్రభుత్వ ఉద్యోగంలో కెమిస్టుగా రిటైరైన అనంతపురం మనిషి. ఆయన కింద ఎమ్మెస్సీ పాసై వచ్చిన నేను. గాజుసామాను కడగడానికి యాదమ్మ. అంతే, ముగ్గురం. హాల్లో పెద్ద గాజు పాత్ర, వంటింట్లో పొగ లాగే ఫ్యాను, పడగ్గదిలో త్రాసు. దేవుడి గదిలో పుస్తకాలు.

చుట్టూ బండలు పేల్చేవారు. పేల్చే ముందు ఎర్రజెండా మనిషి విజిల్ ఊదేవాడు. ఆ విజిల్ వినపడగానే సారు త్రాసు మీంచి చెయ్యి తీసేసి, రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని బుద్ధిగా కూచునేవారు. ఢామ్మని పేలేది, బీరువాలో సీసాలన్నీ గణగణలాడేవి. అవి సద్దుమణిగాక మళ్లీ మొదటినుంచి తూచేవారు. "సగం తూచేశారు కదా సార్" అని నేను విసుక్కుంటే, "సగం నమ్మకం అని ఉంటాదేమప్పా?" అనేవారు.

ఆయన దగ్గర చేరిన మొదటి వారంలోనే నాకు ఒంటికి కారం రాసుకున్నట్టయింది. నోట్‌బుక్కులో ప్రతి ప్రయోగానికీ రెండు గళ్లు గీయించేవారు. ఒకదాని పైన 'వచ్చింది', రెండోదాని పైన 'పోయింది'. వచ్చింది గడిలో సరుకు ఎంత వచ్చిందో రాయాలి. అది అందరూ రాసేదే. పోయింది గడిలో సింకులోకి ఎంత వెళ్లింది, గాల్లోకి ఎంత వెళ్లింది, వడపోత కాగితానికి ఎంత అంటింది, అన్నీ రాయాలి. ఒకసారి నేను ఆ గడిలో 'కొంచెం' అని రాశాను.

"కొంచెం అంటే?"

"కొంచెమే సార్."

"పక్కింటోళ్ల బావిలో పోస్తే వాళ్లకు కొంచెమా, నీకు కొంచెమా?" అని, ఆ ప్రయోగం మొత్తం మళ్లీ చేయించారు.

ఆయన మాట ఒకటి నాకు బాగా గుర్తు. "పోసేదాంట్లో తెలివి లేదప్పా. పారబోసేదాంట్లో ఉండాది." ఈ మధ్య విదేశీ పత్రికల్లో ఇలాంటి ఆలోచనకు గ్రీన్ కెమిస్ట్రీ అని పేరు పెట్టారు. విషాన్ని చేశాక శుభ్రం చేయడం కాదు, అసలు విషం పుట్టని దారి ముందే వెతకాలని దాని సారాంశం. ఆ వ్యాసం లైబ్రరీలో చదివి వచ్చిన రోజు సారు తెగ నవ్వారు. "ఇన్నాళ్లూ నేను దీన్ని నా పిసినారితనం అనుకుంటి. దీనికి మంచి పేరే పెట్టినారే."

నిజంగానే పిసినారి. పెన్సిల్ను చిటికెన వేలంత అయ్యేదాకా రాసేవారు. యాదమ్మ మాత్రం ఆయన్ను పిసినారి అంటే ఒప్పుకోదు. ఆమె చేతులు యాసిడ్ నీళ్లకు పగుళ్లిస్తుంటే, ఆముదంతో సబ్బు కాచి తెచ్చి ఇచ్చింది ఆయనే. ఆ సబ్బే తర్వాత మా ప్రయోగంలోకి వచ్చింది.

అదెలాగో చెప్పాలంటే బెంజీన్ గురించి చెప్పాలి. ఫ్యాక్టరీలో నొప్పుల మందుకు కావలసిన ఒక పొడి చేసేవారు. రెండు పదార్థాలు కలిసి ఆ పొడి కావాలి. అవి కలవడానికి మధ్యలో ఏదో ఒక ద్రవం ఉండాలి. అది బెంజీన్. నీళ్లలా తేటగా ఉంటుంది, తియ్యటి వాసన వేస్తుంది. ఏళ్ల తరబడి పీలిస్తే మనిషి ఎముకల లోపల రక్తం పుట్టే చోటునే పాడుచేస్తుంది. ఫ్యాక్టరీలో పనివాళ్లకు అదేమీ తెలియదు. గ్రీజు అంటిన చేతుల్ని షిఫ్టు దిగేముందు బెంజీన్‌లో ముంచిన గుడ్డతో తుడుచుకునేవారు. నేనూ సారూ ఫ్యాక్టరీకి వెళ్లినప్పుడు ఒకతను మా ముందే అలా తుడుచుకుంటూ, "ఇది మస్తు పనిజేస్తది సార్, సబ్బు గిట్ల ఏం అక్కర్లే, ఒక్క తుడుపుకే పోతది" అని మెచ్చుకున్నాడు.

సారు అతని చేతిలోంచి గుడ్డ తీసుకున్నారు. "జిడ్డు పోతాది నాయనా. దాంతోపాటు ఇంకేం పోతాదో నీకు తెలీదు" అన్నారు. ఆ తర్వాత ఎప్పుడు వెళ్లినా సంచిలో ఆముదం సబ్బులు వేసుకుని వెళ్లి పంచేవారు. వాళ్లు తీసుకుని ఇంటికి పట్టుకెళ్లేవారు. ఫ్యాక్టరీలో మాత్రం గుడ్డ గుడ్డే.

ఒకసారి తిరుగు ప్రయాణంలో, లింగంపల్లి వచ్చాక అన్నారు, "సబ్బులు పంచితే అయ్యే పని కాదప్పా. ఆడ బెంజీనే ఉండగూడదు."

అలా మొదలైంది. బెంజీన్ బదులు నీళ్లు. ఆ రెండు పదార్థాలూ నీళ్లలో కరగవు. కానీ నూనె గిన్నె జిడ్డు నీళ్లకు వదలనిది సబ్బుకు వదులుతుంది కదా, అలాగే నీళ్లలో కాస్త సబ్బు వేస్తే ఆ రెండూ సబ్బు చుట్టూ చేరి అక్కడ కలుస్తాయని ఆయన ఊహ. యాదమ్మకు కాచి ఇచ్చిన ఆముదం సబ్బునే వేసి చూశారు. ఏడు నెలలు పట్టింది. చివరికి ఒకరోజు గాజు కుప్పెలో అంతా చిక్కటి మజ్జిగలా తెల్లగా మారి, గంట తర్వాత అడుగున పొడి దిగింది. బెంజీన్‌తో వచ్చినంత. సారు కుర్చీలో కూలబడి, "టీ చెప్పుపో" అన్నారు. ఆయన టీ తాగడం నేను చూసింది ఆ ఒక్కసారే. పిసినారి.

పదిసార్లు చేశాం, పదిసార్లూ వచ్చింది. అప్పుడు యజమాని, తన కళ్లముందు పెద్ద పాత్రలో చేసి చూపించమన్నాడు. ఫ్యాక్టరీలో కొత్త బ్లాకు కడుతున్నారు. దానికి బెంజీన్ గొట్టాలు వేయాలా, నీటి గొట్టాలు వేయాలా అన్నది ఆ రోజు తేలాలి. ఒకసారి వేస్తే పదిహేనేళ్లదాకా మార్చరు. పదిహేనేళ్లు ఎంతమంది చేతులు తుడుచుకుంటారో సారు లెక్కేసుకున్నారని నాకు తెలుసు.

పెద్ద పాత్రకు పద్నాలుగు లీటర్ల నీళ్లు కావాలి. డిస్టిల్డ్ నీళ్లు, అంటే మరగబెట్టి ఆవిరిని చల్లార్చి పట్టినవి. అవి పట్టడం నా పని. సారు మూడు రోజుల ముందే చెప్పారు.

ఆ మూడు రోజులూ నేను పొద్దున్నే అమీర్‌పేటలో కోబాల్ అనే కంప్యూటరు భాష నేర్పే క్లాసుకు వెళ్తున్నాను. సారుకు తెలియదు. మా రూమ్‌మేట్లందరూ కంప్యూటర్లలోకి దూకేస్తున్నారు, రెండువేల సంవత్సరం వస్తే లోకం తలకిందులవుతుందని, కోబాల్ వచ్చినవాడికి ఇంటికొచ్చి ఉద్యోగం ఇస్తారని చెప్పుకుంటున్నారు. నేను ల్యాబుకు వచ్చేసరికి పదిన్నర. అప్పటికి కరెంటు పోయేది. మళ్లీ వచ్చేసరికి సాయంత్రం. మూడో రోజు పొద్దున చూస్తే క్యానులో నాలుగు లీటర్లే ఉన్నాయి.

లింగంపల్లిలో బ్యాటరీల షాపులో డిస్టిల్డ్ నీళ్లు అమ్ముతారు. స్కూటరు మీద వెళ్లొస్తే ముప్పావుగంట. సారుకు ఫోను చేసి రేపటికి పెట్టుకుందామని చెప్పినా ఆయన సరేననేవారు, నాలుగు చీవాట్లు పెట్టి. గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తెచ్చాను, అంతకన్నా వివరంగా నాకు చెప్పడం రాదు. బోరు పంపు తిప్పాను. పదిన్నర లీటర్లు పట్టి క్యానులో కలిపాను. నీళ్లే కదా అనుకున్నాను.

ఆ బోరు నీళ్ల సంగతి తెలియక కాదు. మాదాపూర్‌లో కిరాయికున్న ఏ ఇంటికైనా వెళ్లండి, రెండు డ్రమ్ములు కనపడతాయి. కుళాయిలో వచ్చే మంజీరా నీళ్లు తాగడానికి, పప్పుకు. బోరు నీళ్లు మిగతా అన్నిటికీ. బోరు నీళ్లతో పప్పు ఉడకదు, తలకు సబ్బు రుద్దితే నురగ రాదు, తెల్లటి తెట్టు జుట్టుకు పట్టుకుంటుంది. నేను రోజూ ఆ నీళ్లతోనే స్నానం చేసి, రోజూ ఆ తెట్టును తిట్టుకుంటూ దువ్వుకునేవాణ్ణి. ఆ పొద్దున కూడా దువ్వుకునే వచ్చాను. చదువుకున్న మూర్ఖుణ్ణి. సబ్బుతో నడిచే ప్రయోగంలో సబ్బును విరగ్గొట్టే నీళ్లు నా చేత్తోనే పోశాను.

పదకొండు గంటలకు యజమాని వచ్చాడు. సారు సబ్బును తన చేత్తో తూచి వేశారు. పాత్ర తిరగడం మొదలైంది. మజ్జిగలా అవ్వాల్సింది, విరిగిన పాలలా తెట్టెలు తెట్టెలుగా కట్టింది. గంట గడిచినా పొడి దిగలేదు. పాత్ర గోడలకు తెల్లటి జిగురు మిగిలింది.

"ఏంటండీ ఇది, ఇలా విరిగిపోయింది?" అన్నాడు యజమాని. ఆయన కృష్ణా జిల్లావాడు, పెద్దమనిషి. ఎగతాళి చెయ్యలేదు.

సారు పాత్రకేసి ఒక్క క్షణం చూసి, నా వైపు తిరిగారు. "నీళ్లు యాటివప్పా?"

చూశారా, మొదటి ప్రశ్నే అది. ఆయనకు వెంటనే తట్టింది. నేను బోరువని ఒప్పుకుంటే అక్కడితో అయిపోయేది.

"డిస్టిల్డే సార్."

"అన్నీనా?"

"అన్నీ సార్."

మూడోసారి అడగలేదు. నోట్‌బుక్కులో నేను అప్పటికే 'డిస్టిల్డ్, పద్నాలుగు లీటర్లు' అని రాసి సంతకం పెట్టాను. సంతకం పెట్టిన మాటను ఆయన అనుమానించరు. అది ఆయన నియమం. "రాసిందాన్ని నమ్మకపోతే ఇంగ కెమిస్ట్రీ ఏముందప్పా" అనేవారు. క్యానులో మిగిలిన అరలీటరు నీళ్లను నేను ఎప్పుడో సింకులో పారబోశాను.

ఆయన యాదమ్మను పిలిచి, పాత్ర చివరిసారి ఏ నీళ్లతో కడిగావని అడిగారు. మంచి నీళ్లతోనే అని చెప్పిందామె. చెబుతూ నా వైపు చూసింది. పంపు దగ్గర నేను క్యాను నింపుతుంటే ఆమె అక్కడే అంట్లు తోముతోంది. నేను తేలు కుట్టిన దొంగలా కిటికీలోంచి బండల్ని చూస్తూ నిలబడ్డాను. తర్వాత బయటికొచ్చి అడిగాను, ఎందుకు చెప్పలేదని. "నా నోట్లెకెల్లి ఎందుకు బిడ్డా? నువ్వే చెప్తవ్ గదా అని ఊకున్న" అంది.

వెళ్లేముందు యజమాని న్యాయమైన మాటే చెప్పాడు. "పదిసార్లు వచ్చింది నేను కాదనను. పదకొండోసారి ఎందుకు రాలేదో చెప్పండి, నేను బెంజీన్ మానేస్తాను. కారణం తెలియకుండా మాత్రం టన్నుల సరుకు పోసి దేవుడికి దండం పెట్టుకోలేనండీ. రెండు నెలలు ఆగుతాను."

మర్నాటి నుంచే నేను బుద్ధిగా, రెండు రోజులు కూచుని, చుక్క తేడా లేకుండా డిస్టిల్డ్ నీళ్లు పట్టాను. మళ్లీ చేశాం. చక్కగా వచ్చింది. నాకు ప్రాణం లేచొచ్చింది, ఇక అంతా సర్దుకున్నట్టే అనుకున్నాను. సారు ముఖంలో మాత్రం సంతోషం లేదు. "ఎందుకు వచ్చిందో తెలీకుండా వచ్చేది రానట్టే" అన్నారు.

ఆ రెండు నెలలే నన్ను ఇప్పటికీ తినేది. అబద్ధం ఒక్క నిమిషం పని. దాన్ని రెండు నెలలు మోయడం వేరే సంగతి. ఆముదం పాతబడిందేమోనని మూడు షాపుల నుంచి ఆముదం తెప్పించారు. సబ్బు కాచిన గిన్నె మార్చారు. వేడి పెంచి చూశారు, తగ్గించి చూశారు. తిప్పే వేగం మార్చారు. ప్రతిదానికీ నేను పక్కన నిలబడి నోట్‌బుక్కులో రాశాను. అన్నీ నా దస్తూరీలోనే ఉన్నాయి, నీట్‌గా, రెండు గళ్లతో సహా. ఒకరోజు గుండె చిక్కబట్టుకుని, "బోరు నీళ్లతో ఒకసారి చేసి చూద్దామా సార్" అన్నాను. అలాగైనా ఆయనే పట్టుకుంటారని ఆశ.

"నువ్వు డిస్టిల్డ్ అని చెప్తివి కదప్పా. మళ్ల అది చేయడం దండగ" అన్నారాయన. నన్ను నమ్మారు కాబట్టి నా దారి కూడా మూసేశారు. అప్పుడైనా నోరు తెరవొచ్చు. నాలుక పిడచగట్టుకుపోయింది. కాదు, అది కూడా సాకే. తెరవలేదు, అంతే.

నా మాట నిజమని నమ్మితే, ఆ రోజు వేసినవాటిలో ఇక పరీక్షించకుండా మిగిలింది ఒక్కటే. సారు తన చేత్తో వేసిన సబ్బు తూకం. గడువు ముగిసే వారం ఆయన యజమానికి ఉత్తరం రాశారు. టైపు చేయించింది నా చేతే. 'ఆ దినం బండలు పేల్చే సమయంలో తూకం వేసి ఉంటాను. లేదా నా చేయి వణికి ఉంటుంది. వయసు మీదపడిన మనిషి చేతిలోని పద్ధతిని నమ్మి ఫ్యాక్టరీ నడపమని అడగడం న్యాయం కాదు.' నేను ఆ ఉత్తరంలో అక్షరదోషాలు దిద్దాను.

కొత్త బ్లాకులో బెంజీన్ గొట్టాలు వేశారు. మరో ఆరు నెలలకు ఇంటి ఓనరు ఆ స్థలం అమ్మేశాడు, ల్యాబు ఎత్తేశారు. నాకు కోబాల్ ఉద్యోగం దొరికింది. యాదమ్మ లింగంపల్లిలో రెండు ఇళ్లలో పనికి కుదిరింది. వాటిలో ఒకటి సారు ఇల్లు.

ఆ తర్వాత ఆయన్ను నేను మూడుసార్లు కలిశాను. మూడుసార్లూ అనుకోకుండానే, కావాలని వెళ్లే ముఖం లేదు. చివరిసారి లింగంపల్లి స్టేషను బయట కూరగాయల బండి దగ్గర. సంచి పట్టుకుని వంకాయలు ఏరుతున్నారు. నా ఉద్యోగం గురించి అడిగి, కంప్యూటర్లలో ఏడాదిని చివరి రెండు అంకెలతోనే రాసిపెట్టిన తేదీల గొడవ విని నవ్వారు. "రెండు అంకెలు పొదుపు చేయబోయి లోకమంతా ఇరుక్కునిందంటావు. నాకన్నా పిసినార్లప్పా వాళ్లు." తర్వాత, "మీ ప్రోగ్రాములో తప్పు జరిగితే యాడ జరిగిందో ఎట్ల కనుక్కుంటారు?" అని అడిగారు.

"లాగ్ అని ఉంటుంది సార్. ఎవరు ఏం చేశారో దానంతటది రాసిపెట్టుకుంటుంది."

"అదృష్టవంతులు" అన్నారు. ఒక వంకాయను తిప్పి చూస్తూ, "ఆ పొద్దు ఏం జరిగిండాదో నీకేమైనా తోచినాదా?" అన్నారు.

లేదు సార్ అన్నాను. నాలుగో అబద్ధమో, నలభయ్యోదో. ఆయన తల ఊపి, నా చేతిలో రెండు వంకాయలు పెట్టి, "రూములో వండుకో, మంచి నీళ్లతో" అని వెళ్లిపోయారు. ఎత్తిపొడుపేమోనని ఆ రాత్రి నిద్రపోలేదు. కాదు. ఆయనకు ఎత్తిపొడవడం రాదు.

దహనం అయిన మూడో రోజు నేను ఫ్యాక్టరీకి, యజమాని దగ్గరికి వెళ్లాను. నీళ్ల సంగతి మొత్తం చెప్పాను. ఆయన తిప్పుతున్న పేపరువెయిటును బల్ల మీద పెట్టాడు.

"ఆ రోజే చెప్పుంటే ఏమయ్యేదయ్యా?"

"నా ఉద్యోగం పోయేదేమో సార్."

"కోబాల్ క్లాసులకు పోతూ నువ్వు ఎలాగూ వదిలేద్దామనుకుంటున్న ఉద్యోగం" అన్నాడు. "బెంజీన్ నాకేమన్నా చుట్టమా? కారణం అడిగాను అంతే. ఆయన నా చెయ్యి వణికిందని రాస్తే, ఆ ఉత్తరం చదివి నాకు ఏడుపొచ్చింది. పెద్దాయన్ను ఇంక ఇబ్బంది పెట్టకూడదని ఊరుకున్నాను." ఒక కాగితం నా ముందుకు తోసి, జరిగింది రాసి సంతకం పెట్టమన్నాడు. రాశాను. ఒక చిన్న పాత్రలో మళ్లీ ప్రయత్నం చేయిస్తానన్నాడు. గొట్టాలు మాత్రం ఇప్పుడప్పుడే పీకలేనన్నాడు. బయటికి వస్తుంటే షిఫ్టు దిగుతోంది. ఎవరి చేతుల్లో ఏ గుడ్డలున్నాయో చూడకుండా తల వంచుకుని గేటు దాటాను.

పదకొండో రోజు లింగంపల్లి వెళ్లాను. సారు భార్యను నేను అమ్మా అనే పిలిచేవాణ్ణి. చుట్టాలు వెళ్లిపోయారు, ఇల్లు ఖాళీగా ఉంది. యాదమ్మ వెనక వసారాలో గిన్నెలు కడుగుతోంది. నేను అమ్మ ముందు కింద కూచుని, మొత్తం చెప్పాను. కోబాల్ క్లాసు నుంచి ఉత్తరం దాకా. నన్ను తిడుతుందేమోనని చూశాను. తిడితే బాగుండేదని ఇప్పుడు అనిపిస్తోంది.

"నాకు చెప్పి ఏం లాభం నాయనా?" అంది చివరికి. "నీళ్లేందో సబ్బేందో నాకేం తెలుసు. తెలిసినాయన పొయ్యె."

నేను ఏడ్చాను. ఆమె ఓదార్చలేదు. కొంగుతో ముఖం తుడుచుకుని, తనలో తాను మాట్లాడుకున్నట్టు చెప్పింది. "చెయ్యి వణుకుతాందని ఆయనకు ఒకటే దిగులు. నేను చూస్తే ఎప్పుడూ వణికినట్ల అగపళ్లా. మాత్రలు కూడా నన్నే లెక్కపెట్టి ఇమ్మనె. కూరలో ఉప్పు తానే వేసేటోడు, అదీ మానుకునె. నా చెయ్యి మీద నాకు నమ్మకం పోయినాది అనె."

ఆమె లేచి లోపలి గదిలోకి వెళ్లింది. ల్యాబు ఎత్తేసినప్పుడు సారు తెచ్చుకున్న పాత త్రాసు అక్కడ, కిటికీ పక్క బల్ల మీద ఉంది. దాని పక్కనుంచి ఒక రూళ్ల పుస్తకం తెచ్చి నా చేతికిచ్చింది. "పొద్దున్నే స్నానం చేసి, పళ్లెంలో ఒక గాజు మూత పెట్టి తూచి ఇందులో ఏందో రాసేటోడు. రోజూ అదే మూత. ఏమి రాసినాడో చూడు నాయనా, నువ్వు చదువుకున్నోనివి కదా."

తెరిచాను. ఎడమ పక్క తేదీ, కుడి పక్క తూకం. పద్దెనిమిది గ్రాముల రెండువందల అరవై నాలుగు మిల్లీగ్రాములు. మర్నాడు అదే. ఆ మర్నాడు అదే. పుట తిప్పితే అదే. ఏడాదిన్నర పైగా, ఒక్క రోజు కూడా తప్పకుండా, మూడో దశాంశం దాకా అదే అంకె. ఆసుపత్రికి తీసుకెళ్లిన రోజు పొద్దున కూడా.

"ఆయన చెయ్యి ఒక్కసారి కూడా తప్పలేదమ్మా" అని చెప్పాను.

ఆమె పుస్తకం నా చేతిలోంచి తీసుకుంది. కళ్లజోడు పెట్టుకుని, మొదటి పుట తెరిచి, అంకెల మీద వేలు పెట్టి, ఒక్కొక్క గీతా కిందికి దిగుతూ, ఎక్కడైనా మారిందేమోనని చూడడం మొదలుపెట్టింది.